పన్నెండు వారాల పెద్దల బడి: విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో వయసు మళ్లినవారి అభ్యాస కూటమిని నడిపే పద్ధతి

విజయనగరంలో మేము మొదటిసారి పెట్టిన పెద్దల సమావేశం నాలుగు వారాలకే మూతపడింది. మేడ మీది హాలు, మైకు, పూలదండలు, ఒక వారం ఆరోగ్యంపై ఉపన్యాసం, మరుసటి వారం యోగాపై ఉపన్యాసం, ఆ తరువాత భజన. మొదటి రోజు 40 మందికి పైగా వచ్చారు, నాలుగో వారానికి ఏడుగురు మిగిలారు. ఎందుకు మానేశారని ఇంటికి వెళ్లి అడిగితే ఒక పెద్దావిడ, "ఏటి బాబూ, వచ్చే వారం కూడా మేం కూకొని ఇనడమేనా?" అని ఎదురు ప్రశ్న వేశారు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి వచ్చి, వెనక వరుసలో కూర్చుని, సగం వినబడని ప్రసంగం విని వెళ్లడానికి ఎవరికైనా ఓపిక ఎన్నాళ్లుంటుంది? ఆ తరువాత మేము పద్ధతిని మొదటి నుంచీ మార్చుకున్నాము. ఆ మార్చుకున్న పద్ధతినే ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను.

మారినది ప్రధానంగా ఒక్కటే. పెద్దలను పోగుచేసి కాలక్షేపం కల్పించడం మాని, వారి చేతికి ఒక పని ఇచ్చాము. ఆ పనికి పన్నెండు వారాల గడువు పెట్టాము. గడువు తీరేసరికి చేతితో పట్టుకుని చూపించగల వస్తువు ఒకటి తయారు కావాలన్నాము. ఆ వస్తువు ఊరి కొలతల పుస్తకం కావచ్చు, పాత వీధుల పటం కావచ్చు, మరుగున పడుతున్న మాటల పట్టిక కావచ్చు. నేర్చుకోవడం, కలుసుకోవడం, ఆడడం, పాడడం అన్నీ ఆ పనిని ఆసరా చేసుకుని సాగుతాయి.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. 1973లో ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో పియెర్ వెల్లాస్ అనే ఆచార్యుడు విశ్రాంత వయసు వారి కోసం విశ్వవిద్యాలయంలోనే తరగతులు తెరిచాడు. దానికి 'మూడో వయసు విశ్వవిద్యాలయం' అని పేరు వచ్చింది. 1980ల మొదట్లో అది బ్రిటన్ చేరేసరికి రూపం మారిపోయింది. అక్కడ జీతపు అధ్యాపకులు లేరు, పరీక్షలు లేవు, పట్టాలు లేవు. సభ్యులలో తెలిసినవారే తెలియనివారికి చెబుతారు. మన ఊళ్లకు సరిపోయేది ఈ రెండో పద్ధతి. గౌరవ వేతనం ఇచ్చే స్తోమత ఎలాగూ ఉండదు. అంతకంటే ముఖ్యంగా, నేర్పడానికి తగినవారు గదిలోనే కూర్చుని ఉంటారు.

మొదటి మెట్టు: పదిహేను మందిని ఇంటింటికీ వెళ్లి పిలవడం

గోడ మీద ప్రకటన అంటించి ఊరుకుంటే, ఎప్పుడూ సభలకు వచ్చే విశ్రాంత ఉద్యోగులే వస్తారు. వారు కావలసినవారే గాని, వారు మాత్రమే వస్తే అది మరో విశ్రాంత ఉద్యోగుల సంఘం అవుతుంది. చోడి (రాగి) చేలలో బతుకంతా గడిపినవారు, గోగునార తీసినవారు, జనపనార మిల్లులో షిఫ్టులు చేసినవారు, పురుళ్లు పోసినవారు, నూలు వడికినవారు కూడా రావాలంటే గడప దాకా వెళ్లి పిలవక తప్పదు. పన్నెండుకు తగ్గకుండా, పద్దెనిమిదికి మించకుండా చూసుకోండి. అంతకు మించితే మాట్లాడే వంతు అందరికీ రాదు, వినికిడి తగ్గినవారు మొదట వెనకబడతారు.

ఇంటికి వెళ్లినప్పుడు "మీకేం వచ్చు?" అని అడగకండి. నూటికి తొంభై మంది "మాకేటి వచ్చు నాయనా" అని తీసిపారేస్తారు. దానికి బదులు "మీ చిన్నప్పుడు కల్లంలో ధాన్యం ఎలా కొలిచేవారు?" అని అడిగి చూడండి. గంట సేపు కదలలేరు. ఆ సంభాషణలోనే మూడు విషయాలు రాసుకోవాలి: వారు నేర్పగలిగినది ఒకటి, నేర్చుకోవాలని ఉండీ కుదరనిది ఒకటి, రోజులో తీరిక దొరికే వేళ. మా దగ్గర రెండో గడిలో తరచుగా కనిపించిన కోరికలు రెండే. ఊరు దాటిపోయిన పిల్లలతో ఫోనులో ముఖం చూసుకుని మాట్లాడడం ఒకటి, తన సంతకం తాను పెట్టుకోవడం రెండోది. విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లూ, గుజరాత్ తీరానికి వేటకు వెళ్లిన మత్స్యకారుల ఇళ్లూ మన రెండు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు.

పిలుపు విషయంలో ఒక జాగ్రత్త. కూటమి పేరులో 'వృద్ధ' అనే మాట పెట్టవద్దు. వృద్ధాశ్రమం గుర్తుకు వచ్చి ముఖం చాటేస్తారు. అందరినీ ఏకంగా తాత, మామ్మ అని పిలవడం కూడా కొందరికి నచ్చదు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసిన వ్యక్తికి 'మాస్టారు' అన్న పిలుపే ఇష్టం; కొందరు స్త్రీలకు 'అమ్మా' కంటే 'అప్పా' (అక్కా) అంటే దగ్గరగా ఉంటుంది. మొదటి రోజే ఎవరిని ఎలా పిలవాలో వారినే అడిగి, హాజరు పుస్తకంలో పేరు పక్కన రాసుకోండి.

నిర్వాహకులు ఇద్దరు ఉండాలి. ఒకరు అరవై దాటినవారు, ఇంకొకరు డిగ్రీ చదివే వయసు వారు. దగ్గరి కళాశాలలో జాతీయ సేవా పథకం విద్యార్థులుంటే అధ్యాపకుని ద్వారా ఒకరిని అడగవచ్చు. కుర్రవారు రాతకూ ఫోనుకూ, పెద్దవారు మాటకూ మర్యాదకూ.

రెండో మెట్టు: చోటు, వేళ

చోటు ఎంపికలో మొదటి పరీక్ష, ఊళ్లోని ఏ వీధి వారైనా సంకోచం లేకుండా గడప దాటి రాగలరా అన్నది. రామాలయం అరుగు, రచ్చబండ చాలా ఊళ్లలో చూడడానికి అందరివీ. నిజానికి కొందరు అక్కడ ఓ పక్కగా నిలబడతారు, ఆడవారు అసలు కూర్చోరు. అందువల్ల శాఖా గ్రంథాలయం, ప్రభుత్వ పాఠశాలలో ఒక గది, సామాజిక భవనం మేలు. పాఠశాల అయితే ప్రధానోపాధ్యాయుని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బదిలీ అయితే కొత్తవారికి చూపించడానికి పనికివస్తుంది.

రెండో పరీక్ష మెట్లు, మరుగుదొడ్డి. నేల అంతస్తే కావాలి. మరుగుదొడ్డి యాభై అడుగుల లోపల ఉండాలి, తలుపు లోపల గడియ పడాలి, నేల తడిగా జారకూడదు. ఇది లేని చోటికి మధుమేహం ఉన్నవారు, చాలామంది స్త్రీలు రెండోసారి రారు. కారణం మాత్రం ఎప్పుడూ చెప్పరు. కుర్చీలకు చేతులుండాలి, ఎత్తు 18 అంగుళాలకు తగ్గకూడదు. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలో నుంచి లేవడానికి మోకాళ్లు సహకరించవు. కుర్చీలను వరుసలుగా కాక గుండ్రంగా వేయండి. వెలుతురు మాట్లాడేవారి ముఖం మీద పడేటట్లు చూడండి; చెవి తగ్గినవారు సగం మాటలు పెదవులను చూసే పట్టుకుంటారు.

వేళకు ఊరి పంచాంగం ఉంటుంది. నెల మొదటి తారీఖు పింఛను రోజు కాబట్టి ఆ రోజు పెట్టవద్దు. జులై, ఆగస్టులలో ఉభాలు (వరినాట్లు), నవంబరు, డిసెంబరులలో కోతలు. ఈ నెలల్లో రైతు కుటుంబాల పెద్దలు పొలానికి వెళ్లకపోయినా ఇల్లు, పిల్లలు, పశువుల భారం వారి మీదే పడుతుంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తరువాతి మంగళవారం జరుగుతుంది, ఆ వారం ఎవరూ రారు. శ్రీకాకుళం వైపు రథసప్తమి వారం అరసవల్లి సందడి. అక్టోబరులో తుఫానుల భయం సరేసరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసిన ప్రాంతం ఇది. ఇవన్నీ తీసేస్తే పన్నెండు వారాలు దాదాపు నిరాటంకంగా దొరికేది సంక్రాంతి వెళ్లిన తరువాత, జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా; శ్రీకాకుళం వైపు రథసప్తమి వారం ఒక్కటి వదిలేయండి. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర వరకు చాలామందికి వీలవుతుంది. అంతకంటే ఆలస్యమైతే స్త్రీలకు వంటవేళ, పురుషులకు చతుర్ముఖ పారాయణం వేళ. ఎండలు ముదిరిన వారాలలో ఉదయం ఏడు గంటలకు మార్చుకోండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో మరొక లెక్క కూడా చూడాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాల్లో మూత్రపిండాల జబ్బుతో బాధపడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. డయాలసిస్‌కు వెళ్లే సభ్యులుంటే వారి రోజులు ముందుగా కనుక్కుని, ఆ రోజూ, దాని మరుసటి రోజూ కాకుండా కూటమి పెట్టాలి. పలహారం విషయంలోనూ ఇదే మాట. కొబ్బరి తోటల నడుమ ఊరు కదా అని అందరికీ కొబ్బరినీళ్లు, అరటిపండ్లు పంచవద్దు. పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారికి అవి హాని చేస్తాయి, వద్దని చెప్పడానికి వారు మొహమాటపడతారు.

మూడో మెట్టు: పన్నెండు వారాల పనిని ఎంచుకోవడం

కూటమి నిలవడం, నిలవకపోవడం ఈ మెట్టు దగ్గరే తేలుతుంది. పని మూడు షరతులకు నిలవాలి. ఒకరికి తెలిసినది కాక పదిమంది కలిస్తేనే పూర్తయ్యేది కావాలి. చదువు రానివారికి చదువుకున్నవారితో సమానమైన పాత్ర ఉండాలి. చివరకు కాగితం మీదకో గుడ్డ మీదకో ఎక్కాలి.

నా అనుభవంలో అన్నిటికంటే బాగా నడిచింది కొలతల పుస్తకం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని ఒకరు మొదలుపెట్టగానే, పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చిన ఆవిడ "మా కన్నోరింట కుంచం ఇంతకంటే పెద్దది" అని అడ్డుపడతారు. వాదన అక్కడే ఆపవద్దు. వచ్చే వారానికి ఎవరింట్లో పాత కుంచం, తవ్వ, సోల ఉంటే వాటిని తెమ్మనండి. బియ్యం పోసి, వంటింటి త్రాసుతో తూచి, ఏ ఊరి కుంచం ఎన్ని కిలోలు పట్టిందో పట్టిక రాయండి. అక్కడి నుంచి వీశె, మణుగు; తరువాత జానెడు, మూర, బార; తరువాత డబ్బు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చే దాకా రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు. ఆ మార్పు జరిగినప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. బేడ, పావలా, అర్ధరూపాయి అంటూ వారు సంతలో బేరం ఆడిన తీరు చెబుతుంటే కుర్ర నిర్వాహకుడు లెక్క తప్పుతాడు. గది అంతా నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే మరుసటి వారం అందరూ వస్తారు.

రెండోది మాటల పుస్తకం. బుగత (భూస్వామి), కంబారి (పాలేరు), గుంటడు (పిల్లవాడు), ఒగ్గేయడం (వదిలేయడం) వంటి మాటలు మన ప్రాంతం వారికి ఇంటి మాటలు. బడికి వెళ్లిన పిల్లలు వాటిని దాచుకుంటారు. ఒక్కో వారం ఒక్కో ఇతివృత్తం తీసుకోండి: పశువులు, వానలు, చేపలు, తిట్లు, చుట్టరికాలు. తిట్ల వారాన్ని మొదట పెట్టకండి, చివరకు ఉంచితే హాజరు తగ్గదు. ప్రతి మాటకూ అర్థం కాక, ఆ మాట వచ్చే పూర్తి వాక్యం రాయించాలి. ఈ పనికి పెద్ద దారి చూపినవాడు మన శ్రీకాకుళం ప్రాంతంలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరల భాషను, ఆ భాష మాట్లాడేవారి దగ్గర కూర్చుని, విన్నది విన్నట్టు రాసుకుని నేర్చుకున్నాడు. ఆ తరువాత నిఘంటువు చేశాడు. మీ కూటమిలోనూ అదే నియమం పెట్టండి. పెద్దావిడ "కూకున్నాను" అంటే రాసేవారు "కూర్చున్నాను" అని దిద్దకూడదు.

మూడోది ఊరి పటం, జీవిత పటం. దీనికి మన ప్రాంతంలో విచిత్రమైన అనుకూలత ఉంది. పార్వతీపురంలో 1940లలో పుట్టి ఊరు కదలని వ్యక్తిని తీసుకోండి. పుట్టినప్పుడు ఆ ఊరు విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ నుంచి విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఇల్లు మారకుండా నాలుగు జిల్లాలలో కాపురం చేసిన మనిషి ఆయన. బొబ్బిలి, సాలూరు పెద్దలకూ మొదటి మూడు మజిలీలు ఇవే. నేల మీద సుద్దతో ఊరిని గీసి, ఎండిపోయిన చెరువులు, కొట్టేసిన చింతచెట్లు, పూడిపోయిన నూతులు ఎక్కడెక్కడ ఉండేవో ఒక్కొక్కరినీ వచ్చి గుర్తు పెట్టమనండి. నేల పటం కుదిరాక దాన్ని పెద్ద కాగితం మీదికి ఎక్కించండి.

వంటల పుస్తకం అందరికీ ముందు తట్టే ఆలోచన. చేయవచ్చు, కాని పురుషులు పక్కకు తప్పుకుంటారు, నాలుగు వారాలకే సరుకు అయిపోతుంది. పెద్ద పనిలో దాన్ని ఒక అధ్యాయంగా పెట్టుకోవడం మంచిది.

నాలుగో మెట్టు: ఒక్కో సమావేశంలోని తొంభై నిమిషాలు

మొదటి పది నిమిషాలు రాక, పలకరింపు, మంచినీళ్లు. ఈ సమయంలో దీపారాధన, పసుపు కుంకుమలు పంచడం వంటి ఆనవాయితీలు పెట్టకండి. అవి మొదలైన క్షణంలో భర్త పోయిన స్త్రీలు తమంతట తామే వెనక్కి జరుగుతారు. మేము ఈ పొరపాటు ఒకసారి చేసి, మరో పదిహేను రోజులకు గాని దాని ఫలితం గ్రహించలేదు.

తరువాత పదిహేను నిమిషాలు కదలిక. కుర్చీలో కూర్చునే చేతులు పైకెత్తడం, మడమలు లేపి దించడం, కుర్చీ చేతులు పట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడం, కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలిపై పది లెక్కపెట్టే దాకా నిలబడడం. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు శరీరాన్ని కదిలించాలనీ, పడిపోకుండా ఉండేందుకు నిలకడనిచ్చే కసరత్తు వారానికి మూడు రోజులైనా చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ పదిహేను నిమిషాలతో ఆ లెక్క తీరదు. ఇంట్లో చేసుకోవడానికి అలవాటు పడతారు. వ్యాయామం అంటే మొహం ముడిచేవారికి కూర్చుని ఆడే కోలాటం పెట్టండి. కోలలు పట్టుకోగానే వేళ్లు వాటంతటవే కదులుతాయి.

ఆపైన నలభై నిమిషాలు పెద్ద పని. నలుగురేసి బృందాలుగా చేసి, ప్రతి బృందంలో రాయగలిగినవారు ఒకరు, బాగా గుర్తున్నవారు ఒకరు తప్పక ఉండేటట్లు చూడండి. ఒక్కరే మాట లాక్కుపోతుంటే ఆపడానికి మేము ఒక చిన్న ఉపాయం పెట్టుకున్నాము. బృందంలో ఒక కొబ్బరి చిప్ప తిరుగుతుంది, చిప్ప చేతిలో ఉన్నవారిదే మాట. విశ్రాంత ఉపాధ్యాయులకు ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది. నేనూ ఆ కోవవాడినే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మిగిలిన ఇరవై ఐదు నిమిషాలలో టీ, కొత్త అంశం ఒకటి. టీ చక్కెరతో ఒక పాత్ర, చక్కెర లేకుండా ఒక పాత్ర. రెండింటికీ వేరు రంగు మూతలు. వెళ్లే ముందు వచ్చే వారానికి ఎవరు ఏం తేవాలో పేరు పేరునా చెప్పి పంపండి. పాత సోల తేవలసిన మనిషి రాకుండా ఉండరు.

ఐదో మెట్టు: మాటలను రికార్డు చేసి కాగితం మీదికి తేవడం

మామూలు ఫోను చాలు. ఫోనును విమాన రీతిలో (ఎయిర్‌ప్లేన్ మోడ్) పెట్టండి, పంకా ఆపండి, మడతపెట్టిన తువ్వాలు మీద మాట్లాడేవారికి మూరెడు దూరంలో ఉంచండి. పంకా ఆపకపోతే ఇంటికి వెళ్లి విన్నప్పుడు హోరు తప్ప ఏమీ వినిపించదు. మొదట తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు వారి నోటే చెప్పించి, "దీన్ని రాసి పుస్తకంలో వేయవచ్చా?" అని అడిగి, వారి జవాబు కూడా రికార్డులో ఉండనివ్వండి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు మించవద్దు.

"మీ జీవితం గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. "మీ ఇంటికి కరెంటు ఎప్పుడు వచ్చింది? ఆ రాత్రి ఏం చేశారు?" అన్నదానికి చెబుతారు. దుఃఖం బయటపడితే తొందరపడి ఓదార్చవద్దు, ప్రశ్న మార్చవద్దు. రికార్డింగు ఆపి మంచినీళ్లు ఇచ్చి, కొనసాగించాలో వద్దో వారినే నిర్ణయించుకోనివ్వండి. ఆస్తి తగాదాలు, ఇతరుల ఇంటి గుట్లు దొర్లితే అవి రాతలోకి రాకూడదు. రాసిన పేజీని మరుసటి వారం వారికి పైకి చదివి వినిపించి, తప్పులు దిద్దించాలి. తన మాటలు అచ్చంగా తన యాసలోనే తిరిగి వినబడినప్పుడు చదువు రాని మనిషి ముఖంలో కనిపించే మార్పు కోసం ఈ శ్రమంతా పడవచ్చు.

చదవడానికి ఇచ్చే కాగితాల్లో అక్షరం కనీసం 18 పాయింట్లు ఉండాలి, కాగితం మెరవకూడదు, పంక్తుల మధ్య ఎడం ఉండాలి.

ఆరో మెట్టు: కొత్త విద్యలు, అందులో ఫోను

వారానికి ఒక్కటే నేర్పండి, దాన్నే మూడు వారాలు తిరగేయండి. మొదటి వారం అక్షరాల పరిమాణం పెద్దది చేసుకోవడం, శబ్దం పెంచుకోవడం. రెండో వారం వీడియో కాల్ చేయడం, అందుకోవడం. మూడో వారం మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడి సందేశం పంపడం. టైపు చేయడం ఎవరికీ నేర్పనవసరం లేదు. ఫోను వారి చేతిలోనే ఉండాలి. పక్కవారు లాక్కుని చేసి చూపిస్తే నేర్చినది ఏమీ ఉండదు. మనవల దగ్గర నేర్చుకోలేకపోవడానికి కారణం కూడా అదే, పిల్లలకు ఓపిక ఉండదు.

నాలుగో వారం మోసాల పాఠం. దీన్ని ఉపన్యాసంగా కాక నాటికగా చేయండి: కుర్ర నిర్వాహకుడు గది బయట నుంచి బ్యాంకు ఉద్యోగిగా ఫోను చేస్తాడు, సభ్యులు జవాబు చెబుతారు. డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టవలసిన అవసరం లేదన్నది, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది, ఫోనులో అరెస్టు చేసే చట్టమేదీ దేశంలో లేదన్నది వారి నోటితోనే అనిపించాలి. మోసపోతే వెంటనే 1930కి, వృద్ధుల సమస్యలేవైనా ఉంటే 14567కి ఫోను చేయవచ్చు. ఈ రెండు అంకెలూ అట్టముక్క మీద పెద్దగా రాసి ఇవ్వండి.

పింఛనుదార్లకు బాగా పనికివచ్చేది జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆన్‌లైన్‌లో సమర్పించే ఏర్పాటు. పొలం పని, వంట పని చేసి వేలిముద్రలు అరిగిపోయినవారికి యంత్రం మీద వేలు పడదు. ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి 2021 నవంబరు నుంచి అందుబాటులో ఉంది. శాఖను బట్టి సమర్పించే నెల మారుతుంది కాబట్టి ఎవరిది ఎప్పుడో ముందే రాసుకుని, గడువుకు ముందు వారం అందరివీ ఒకేసారి చేయించండి.

సంతకం నేర్వాలన్నవారికి అఆలతో మొదలుపెట్టవద్దు. వారి పేరులోని అక్షరాలనే ఇసుకలోనో బియ్యం పళ్లెంలోనో వేలితో రాయించి, తరువాత సుద్దకు, ఆ తరువాత కలానికి రండి. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులందరికీ వర్తించే ఉల్లాస్ కార్యక్రమం మీ మండలంలో నడుస్తుంటే అక్కడి వాచకాలు అడిగి తెచ్చుకోండి.

ఏడో మెట్టు: పాట, ఆట

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పుట్టినప్పుడు దాని మొదటి ప్రిన్సిపాల్ హరికథకు పెట్టింది పేరైన ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. అటువంటి ఊళ్లో పెద్దల కూటమికి పాట అంటే సినిమా పాటల పోటీ ఒక్కటే అయితే లోటు. అయితే కచేరీ స్థాయి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఉభాల పాటలు, తిరగలి పాటలు, అప్పగింతల పాటలు పాడగలవారు ప్రతి వీధిలో ఉన్నారు. తప్పెటగుళ్లు ఆడిన తాత ఇప్పుడు గెంతలేకపోవచ్చు. గుండె మీద తప్పెట కట్టుకుని కూర్చునే దరువు వేసి చూపగలడు, కుర్రవాళ్లు అడుగు వేస్తారు. జముకుల కథ విన్నవారు ఆ కథ చెప్పగలరు. పాటలో ఒక చరణం ఒకరికి, మరొకటి ఇంకొకరికి గుర్తుంటుంది. గదిలో అందరూ కలిసి పాట మొత్తాన్ని అతుకుతారు. మూడో షరతు ఇక్కడ కూడా వర్తిస్తుంది, పాట కాగితం మీదికి ఎక్కాలి.

ఎనిమిదో మెట్టు: ఒక్క పూట ప్రయాణం

ఎనిమిదో వారం దగ్గర ఉత్సాహం సహజంగానే సన్నగిల్లుతుంది. అప్పుడు బయటికి తీసుకువెళ్లండి. ఒక పూట, రెండు చోట్లు, అంతకు మించి వద్దు. విజయనగరంలో గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు, కోట ఒక జత. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం, అరసవల్లి ఒక జత. కథానిలయంలో తమ చిన్నప్పటి పత్రికలు కనబడితే పెద్దలు కదలరు, సమయం ఎక్కువ పెట్టుకోండి. పొందూరు వెళితే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి నూలు వడికే పని చూడవచ్చు. మీ సభ్యులలో ఒకప్పుడు వడికినవారుంటే అక్కడ వారే గురువులు. శాలిహుండం బౌద్ధ స్థలం వంశధార ఒడ్డున చూడముచ్చటగా ఉంటుంది గాని కొండ ఎక్కాలి, మోకాళ్లు బాగున్నవారికే.

బండి ఎక్కే ముందు నిర్వాహకులలో ఒకరు ఆ చోట్లకు ముందుగా వెళ్లి మరుగుదొడ్డి, నీడ, కూర్చునే చోటు, సెలవు రోజు చూసి రావాలి. ప్రతివారి మెడలో పేరు, ఇంటివారి ఫోను నెంబరు ఉన్న కార్డు వేయండి.

ఆరోగ్యం, డబ్బు

హాజరు పుస్తకంలో ప్రతి పేరు ఎదుట వాడే మందులు, ఇంటివారి నెంబరు ఉండాలి. మధుమేహం ఉన్నవారికి చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాలు చూడండి. స్పృహ లేనివారికి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడడం కనిపిస్తే ఇంటివారి కోసం ఆగవద్దు, అప్పుడూ 108కే. చూపు, వినికిడి తగ్గినవారిని పరీక్షకు పంపడం కూడా కూటమి పనే. సరిచేయని చూపు లోపాన్నీ, వినికిడి లోపాన్నీ, ఒంటరితనాన్నీ మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం సవరించగల కారణాలలో చేర్చి 2024లో లాన్సెట్ కమిషన్ నివేదిక ఇచ్చింది.

డబ్బు ఎక్కువ అక్కరలేదు. టీ, కాగితాలు, సుద్ద ఖర్చుకు వారానికి తలా పది రూపాయలు డబ్బాలో వేయించండి, వేయలేనివారిని ఎవరూ చూడని విధంగా డబ్బా మూలన ఉంచండి. దాతలు ముందుకు వస్తే అచ్చు ఖర్చు ఒక్కటే అడగండి. బ్యానరు మీద పేరు కోరేవారి నుంచి వద్దు.

చివరి రెండు వారాలు

పదకొండో వారం అన్ని పేజీలూ గోడ పొడవునా దారానికి వేలాడదీసి, సభ్యులందరితో ఒకసారి చదివించండి లేదా వినిపించండి. తప్పులు అక్కడే ఎర్ర కలంతో దిద్దాలి. ఈ పన్నెండు వారాలలో ఎవరైనా పోయినట్లయితే, ఇంటివారి అనుమతితో వారి పేజీని మొదట పెట్టండి. జెరాక్స్ చేసి దారంతో కుట్టిన ముప్పై ప్రతులు చాలు.

పన్నెండో వారం సభ పెట్టండి, వేదిక వద్దు. బడి పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టండి; కుంచాలు, సోలలు, తవ్వలు బల్ల మీద పరచి, ఏది ఎంతో చెప్పమని పిల్లలను పెద్దలే అడగాలి. ప్రతి సభ్యునికీ ఒక ప్రతి, ఊరి బడికి రెండు, శాఖా గ్రంథాలయానికి రెండు, దూరంలో ఉన్న పిల్లలకు పంపడానికి అడిగినవారికి మరొకటి. గ్రంథాలయంలో ఇచ్చినప్పుడు పుస్తకాల చిట్టాలో నమోదు చేయించి, ఆ నెంబరును అట్ట లోపల రాసుకోండి. అదే రోజు, జనం లేచిపోకముందే, తరువాతి పన్నెండు వారాల పని ఏమిటో చేతులెత్తించి తేల్చి, కొత్త హాజరు పుస్తకం మొదటి పేజీలో పేర్లు రాయించుకోండి. సంతకం నేర్చుకున్నవారిని ముందు పిలవండి.